చెప్పులకు నీడ

మా చిన్నాయన చనిపోయిన రోజు ఆ ఇంట్లోకి చెప్పులతో వెళ్లినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కావాలని వెళ్లలేదు. ఆదోని నుంచి వచ్చి ఎమ్మిగనూరులో బస్సు దిగి, సందులో షామియానా కనబడగానే తల వంచుకుని నడుచుకుంటూ పోయాను. తల ఎత్తేసరికి హాలు మధ్యలో ఉన్నాను. కాళ్లకు చెప్పులున్నాయి. ఎవరో గొంతు సవరిస్తారని అలవాటుగా సోఫా వైపు చూశాను. ఎవరూ సవరించలేదు. సవరించాల్సిన మనిషి బయట వసారాలో ఐసు పెట్టెలో పడుకుని ఉన్నాడు. టెంటుహౌసు వాళ్లు ఇనుప కుర్చీలను తెల్లటి పాలరాయి మీద బరబరా ఈడ్చుకుపోతున్నారు. బూట్లేసుకున్న పెద్దమనుషులు హాల్లో నిలబడి టీ తాగుతున్నారు. గోడ పక్కన ఎవరో ఒలకబోసిన టీ మీద ఇంకెవరో అడుగు వేసి, ఆ అడుగును వంటింటి దాకా తీసుకుపోయారు. చిన్నాయన బతికుండి ఇదంతా చూసి ఉంటే అక్కడికక్కడే పోయేవాడు.

చిన్నాయన అంటే మా నాయనకు సొంత తమ్ముడు, మూడేళ్లు చిన్న. మంచివాడా చెడ్డవాడా అని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ జవాబు చెప్పలేను. శుభ్రమైనవాడు. అంతవరకు ఒట్టు పెట్టి చెప్పగలను.

ఆయన మనిషిని కింది నుంచి పైకి చదివేవాడు. ముందు కాళ్లు, తర్వాత చెప్పులు, ఆ తర్వాత తీరిక ఉంటే ముఖం. ఒకసారి ఆలూరులో ఏదో పెండ్లికి పోయినప్పుడు, దగ్గరి బంధువొకాయన ఎదురొచ్చి పలకరిస్తే గుర్తుపట్టలేదు. ఆయన వెళ్లిపోతుంటే వెనక నుంచి కాళ్లు చూసి, "ఆ ఎడమకాలి మడమ అరిగిన సెప్పులాయప్ప గదా, మనోడే" అన్నాడు.

చెప్పులతో ఎవరైనా గడప దాటితే మూడు మెట్లుగా పట్టుకునేవాడు. మొదట గొంతు సవరించేవాడు. తెలిసినవాళ్లకు అది చాలు, వెనక్కి తిరిగేవాళ్లు. తెలియనివాళ్లు ఇంకో అడుగు వేస్తే నాలుక అంగిట్లో కొట్టి "చ్చ్" అనేవాడు, మేకపిల్లను అదిలించినట్లు. మూడో అడుగు పడితే మాత్రం చేతిలోని మడిచిన పేపరుతో వాళ్ల కాళ్ల వైపు చూపించి, "వీధిని ఇంట్లోకి తెస్తాండావేంది" అనేవాడు. ముప్పై ఏళ్లుగా అదే మాట. అక్షరం మారలేదు.

మా పెండ్లయిన కొత్తలో నేనూ నా భార్యా ఆశీర్వాదానికని ఎమ్మిగనూరు పోయాం. ఆమె గేటు దగ్గరే చెప్పులు విడిచింది, ఆ సంగతి నేను బస్సులోనే నేర్పించాను. అయినా చిన్నాయన గొంతు సవరించాడు. నాకు అర్థం కాలేదు. ఆమె కాళ్ల పారాణి వైపు పేపరు చూపించాడు. "అది రంగే గదమ్మా. బండకు అంటుకుంటాది." పెండ్లికూతురు పోయి, కొళాయి కింద పారాణి తోముకుని, తడి కాళ్లు తుడుచుకుని వచ్చి ఆయన కాళ్లకు మొక్కింది. ఆయన సంతోషంగా ఆశీర్వదించాడు. నా భార్య ఆ రోజు ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం అంటే ఏమిటో నాకు తర్వాత కాపురంలో తెలిసింది.

కొత్త ఇల్లు కట్టాక ఈ నియమం ఇంకా ముదిరింది. లోపలంతా తెల్ల పాలరాయి. గేటు నుంచి గడప దాకా, వాకిలంతా నున్నటి నల్ల గ్రానైటు. మా వైపు ఎండకు నల్ల గ్రానైటు ఏమవుతుందో మేస్త్రీ చెప్పే ఉంటాడు, ఈయన వినుండడు. చెప్పులు విడిచే చోటు గడప దగ్గర పెట్టుంటే సరిపోయేది. కానీ వాకిలి కూడా ఇల్లేనని ఆయన లెక్క. అందుకని గేటు పక్కనే ఇటుకలతో అరలు కట్టించాడు. "ఎండకు తోలు పాడైపోతాది గదా, పాపం" అని పైన రేకు కూడా వేయించాడు. చెప్పులకు నీడ, మనుషులకు ఎండ. నడివేసవిలో ఆ ఇంటికి వచ్చినవాళ్లు గేటు దగ్గర మర్యాదగా చెప్పులు విడిచి, అక్కడి నుంచి గడప దాకా మర్యాద వదిలేసి పరుగెత్తేవాళ్లు. పట్టుచీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని గంతులేసే పెద్దామెలను నేను ఆ వాకిట్లోనే చూశాను.

ఎందుకింత పట్టుదల అని అడిగితే ఆయన దగ్గర ఒక జవాబుండేది. "ఇది మగ్గం ఉండే ఇల్లప్పా."

ఆ మాటలో కొంత నిజం ఉంది. మాది నేతపని ఇల్లు. మా తాతది గుంతమగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చుని, పాదాలతో కింది చెక్కలు తొక్కుతూ నేయాలి. ఆ గదిలోకి ఎవరూ చెప్పులతో పోయేవాళ్లు కాదు. పోవద్దని చెప్పినవాళ్లు కూడా లేరు. తాత పొద్దున్నే కాళ్లు కడుక్కుని, గుంత అంచును తాకి కళ్లకద్దుకుని దిగేవాడు. పాదం ఆడితేనే బట్ట, కాబట్టి ఆ ఇంట్లో పాదానికీ ఒక గౌరవం ఉండేది. మా నాయన కూడా చూపు ఆనినంత కాలం అట్లాగే నేశాడు. చిన్నాయన పాతికేళ్లు నిండకముందే మగ్గం దిగి, దుప్పట్లూ తువ్వాళ్లూ అమ్మే అంగడి పెట్టుకున్నాడు. అందులో తప్పేం లేదు, ఊళ్లో సగంమంది దిగారు. తాత పోయాక పాత ఇల్లు పడగొట్టినప్పుడు మగ్గం చెక్కలు పొయ్యిలోకి పోయాయి. గుంతలో ఇటుకముక్కలు నింపారు. దాని మీద పాలరాయి, పాలరాయి మీద సోఫా, సోఫా మీద చిన్నాయన.

"యాడుందిరా మగ్గం" అని మా నాయన ఒకసారి నవ్వుతూ అడిగాడు.

చిన్నాయన కూర్చున్న చోటి నుంచే కిందికి వేలు చూపించాడు. "దీని కిందనే గదన్నా."

ఇంతకూ ఆ ఇంట్లో ఒక్క మనిషి కాళ్లకు మాత్రం పొద్దస్తమానం చెప్పులుండేవి. అది చిన్నాయనే. మడమ నొప్పి ఉందని డాక్టరు మెత్తటివి వాడమన్నాడట. నీలం రంగువి, అడుగేస్తే స్పాంజిలాగా దిగబడేవి. "చిన్నాయనా, నీ చెప్పులు బాగున్నాయే" అని నేను ఒకసారి నోరుజారాను. ఆయన మొహం మాడిపోయింది.

"సెప్పులు కావప్పా ఇవి. మందు."

అప్పటి నుంచి ఆ ఇంట్లో వాటి పేరు మందే. పడక మీది నుంచి లేవగానే, "మందు యాడ పెట్టినావే" అని చిన్నమ్మను కేకేసేవాడు. కొత్తవాళ్లెవరైనా ఉంటే ఆమె గ్లాసుతో నీళ్లు, మాత్ర తెస్తుందని చూసేవాళ్లు. ఆమె చెప్పుల జత తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టేది.

ఖాజా అని ఆదోనిలో మా వీధి చివర ఉండే కరెంటు మేస్త్రీ. ఎమ్మిగనూరులో కూడా పనులు ఒప్పుకునేవాడు. చిన్నాయన ఇంట్లో నీళ్ల మోటరు ఆగిపోయిందంటే నేనే పంపించాను. ఖాజా రబ్బరు చెప్పులతో స్విచ్చి బోర్డు దగ్గరికి పోబోతే పేపరు అడ్డం వచ్చింది. "సార్, ఇవి లేకుండా నేను వైరు ముట్టుకోను. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలుండారు నాకు" అన్నాడు ఖాజా. చిన్నాయన ఒప్పుకోలేదు. ఖాజా సామాను సంచి సర్దుకుని బస్సెక్కి ఆదోనికి వచ్చేశాడు. రెండు రోజులు ఆ ఇంట్లో నీళ్లు లేవు. చిన్నమ్మ పక్కింటి నుంచి బిందెలతో మోసింది, మోసిన నీళ్లతోనే హాలు తుడిచింది. మూడో రోజు చిన్నాయనే ఫోన్ చేసి పిలిపించాడు. గేటు నుంచి స్విచ్చి బోర్డు దాకా పాత పేపర్లు పరిచి దారి వేశాడు.

ఆ దారి వేయడానికి గంట పట్టిందని ఖాజా ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. దేవుళ్ల బొమ్మలున్న పేజీలు తీసి పక్కన పెట్టాలి. తొక్కితే పాపం. తర్వాత నాయకుల బొమ్మలున్నవీ తీశాడు. ఎవరైనా చూస్తే బాగుండదు. ఇక మిగిలినవి సినిమా పేజీలు, చనిపోయినవాళ్ల ప్రకటనలు. ఖాజా వాటి మీద నడిచిపోయి మోటరు బాగుచేశాడు.

నాయకులంటే గుర్తొచ్చింది. ఓట్ల కాలంలో ఒక పెద్దమనిషి ఆ వీధికి వచ్చాడు. పేరు అక్కర్లేదు, అటువంటివాళ్లు అందరికీ తెలుసు. ముందు రోజు వాన పడింది. ఆయన ఏ పొలంలో దిగి వచ్చాడో గానీ, బూట్లకు నల్లరేగడి మన్ను పిడకలు కొట్టినట్లు అంటుకుని ఉంది. వెనక పదిమంది, వాళ్ల కాళ్లకూ అదే మన్ను. నేను ఆ రోజు ఏదో పని మీద అక్కడున్నాను. ఆ పెద్దమనిషికి మంచీ మర్యాదా తెలుసు. గేటు దగ్గర అరలు చూసి, బూట్ల దారం విప్పుకోవడానికి వంగాడు. చిన్నాయన పరుగున పోయి ఆయన చేయి పట్టుకున్నాడు.

"ఎంత మాట సార్. మీరు తీయడమేమిటి. దయచేయండి, దయచేయండి."

మాతో మాట్లాడేటప్పుడు ఎమ్మిగనూరు మాట, అటువంటివాళ్లతో పేపరు మాట. ఆ రోజు అన్నీ పేపరు మాటలే. పదకొండు జతల బూట్లూ చెప్పులూ పాలరాయి మీద నడిచాయి. పెద్దమనిషి సోఫాలో, అంటే తాత మగ్గం మీద, బూటు కాలు కాలి మీద వేసుకుని కూర్చుని వెళ్లాడు. చిన్నమ్మ బక్కెట్టు తీసింది. నల్లరేగడి మొండిది, ఒక నీళ్లకు పోదు. సాయంత్రం దాకా ఆమె నేల మీదే ఉంది.

ఉండబట్టలేక అడిగాను. "చిన్నాయనా, ఆయప్ప ఇప్పబోతే నువ్వే వద్దంటివే."

"ఆయన సంగతి వేరేప్పా. కార్లోంచి దిగేది, కార్లోకి ఎక్కేది. ఆ బూట్లకు మన్ను యాడంటాది" అన్నాడు. చిన్నమ్మ మోకాళ్ల మీద కూర్చుని మన్ను గీకుతూనే ఉంది. ఆ మాట విని ఒక్క నిమిషం చేయి ఆపింది. మళ్లీ గీకింది.

ఇంతవరకైతే ఇదంతా చెప్పుకుని నవ్వుకునే సంగతే. మా ఇంట్లో ఏళ్ల తరబడి అట్లాగే చెప్పుకుని నవ్వాం. నేను గొంతు సవరించి, "వీధిని ఇంట్లోకి తెస్తాండావేంది" అని చిన్నాయనలాగా అంటే మా నాయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వేవాడు.

మా నాయనకు అప్పటికే చాలా ఏళ్లుగా షుగరు. పాదాల్లో స్పర్శ పోయింది. "కాళ్ల కింద దూది పరిచినట్లుందప్పా" అనేవాడు. ఒకసారి కాలికి సూది గుచ్చుకుని సగం విరిగి లోపలే ఉంటే రెండు రోజులు తెలియలేదు. అప్పటి నుంచి డాక్టరు ఖండితంగా చెప్పాడు, ఇంట్లో కూడా ఒట్టి కాళ్లతో అడుగు వేయొద్దని. షుగరు ఉన్నవాళ్లకని ప్రత్యేకంగా చేసే మెత్తటి చెప్పులు రాసిచ్చాడు. నల్లవి, వెనక పట్టీ ఉన్నవి. మా ఇంట్లో మా నాయన చెప్పులతోనే తిరిగేవాడు. మొదట్లో సిగ్గుపడ్డాడు, దేవుని గూడు ముందు నుంచి పోయేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేవాడు. తర్వాత అలవాటైంది.

ఒక ఏప్రిల్‌లో చిన్నాయన మనవరాలికి చెవులు కుట్టించారు. నేనూ మా నాయనా మధ్యాహ్నం పన్నెండుకు చేరాం. గేటు దగ్గర చిన్నాయనే నిలబడి ఉన్నాడు, వచ్చినవాళ్లను పిలవడానికి కాదు, కాళ్లు చూడడానికి. షామియానా ఒక పక్కనే వేశారు, అది వంటవాళ్ల మీద. గేటు నుంచి గడప దాకా గ్రానైటు ఎండలో మెరుస్తోంది. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి గెంతుకుంటూ పోతున్నారు. పిల్లలకైతే అదొక ఆట.

"చిన్నాయనా, నాయనకు డాక్టరు చెప్పులిప్పొద్దన్నాడు. స్పర్శ లేదు" అన్నాను.

"డాక్టర్లు అట్లనే అంటారప్పా" అని చుట్టూ చూశాడు. వియ్యంకుల వైపువాళ్లు అప్పుడే అరల దగ్గర వంగి ఉన్నారు. గొంతు తగ్గించాడు. "ఇంతమంది ఇడ్సి వస్తాండారు. సొంత అన్న సెప్పులతో వస్తే నేను ఇంకొకరికి ఏం సెప్పుకోను? మీ తాత మగ్గంలో కూసున్న జాగా లోపల. అన్నకు తెలీదా ఏంది."

ఆయన కాళ్లకు అప్పుడు కూడా మందు ఉంది.

నేను ఇంకో మాట అనేవాణ్ణి. మా నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇడుస్తాలేప్పా. నాలుగడుగులే గదా. వాని ఫంక్షను, వాని మాట పోగొట్టేదెందుకు." పట్టీ విప్పడానికి ఆయన వంగలేడు. నేనే వంగి విప్పాను. ఇది నేను ఎవరికీ చెప్పని సంగతి కాదు, కానీ చెప్పినప్పుడల్లా త్వరగా దాటేస్తాను. నా చేతులతోనే విప్పి, తీసుకుపోయి రేకు కింద నీడలో పెట్టాను.

మా నాయన ఆ గ్రానైటు మీద నడిచాడు. అందరూ గెంతినచోట ఆయన మోకాళ్ల నొప్పితో మెల్లగా, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ నడిచాడు. మధ్యలో ఎవరో పలకరిస్తే నిలబడి మాట్లాడాడు. ఫోటోలు తీసేవాడు ఆపితే మళ్లీ నిలబడ్డాడు. చిన్నాయనకు ఆ నడక చూసి గర్వం ముంచుకొచ్చింది. వియ్యంకుడితో అన్నాడు, "చూడండి మా అన్నను. ఎంత నింపాదిగా వస్తాండాడో. మగ్గం తొక్కిన కాలు అది. మీ పిల్లోల్లు రెండడుగులకే ఎగురుతాండారు."

అందరూ మెచ్చుకోలుగా చూశారు. మా నాయన కూడా కొంచెం నిటారుగా అయ్యాడు, మెచ్చుకుంటున్నారని. నేను పక్కనే గెంతుతూ ఉన్నాను. నా కాళ్లు కాలుతున్నాయి గానీ, ఆయనవి కాలుతాయని నాకు ఆ నిమిషాన తట్టలేదు. కాలినా తెలియదనే గదా డాక్టరు చెప్పింది. విన్నాను, మందుల చీటీతో పాటు మడిచి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం ఆదోనిలో ఇంటికి వచ్చి పడుకున్నాక, నా భార్య ఆయన మంచం మీది దుప్పటి తడిగా ఉందేమని చూసింది. రెండు పాదాల కిందా తోలు తెల్లగా పొంగి ఉంది. కుడికాలిది అప్పటికే చితికి నీరు కారుతోంది. ఆమె నన్ను కేకేసింది. మా నాయన తల ఎత్తి మా ఇద్దరి ముఖాలూ చూసి, "ఏమైంది" అని అడిగాడు. ఆయనకు ఏమీ తెలియలేదు.

ఎడమకాలు మానింది. కుడికాలు మానలేదు. నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాం. బొటనవేలూ దాని పక్క వేలూ తీసేశారు.

చిన్నాయనకు ఫోన్‌లో చెప్పాను. "గ్రానైటుకే కాలిందని ఎట్ల సెప్తావప్పా? బస్సులో ఇంజను పక్కన గాని కూసున్నాడేమో" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. మళ్లీ చేయలేదు, ఆయనా చేయలేదు.

చిన్నమ్మ వచ్చింది. ఒక్కతే బస్సెక్కి, క్యారియరు పట్టుకుని, జొన్నరొట్టెలూ ఉప్పులేని పప్పూ తెచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కట్టు కట్టిన కాలు వైపు చూసింది.

"ఆయప్ప రాడు బావా" అంది. "మొగం సెల్లడంలే. అన్నం కూడా సరిగా తినడంలే. అట్లని తప్పు నాదే అని నోట్లోంచి ఒక మాట రాదు."

"వానికి సిన్నప్పటి నుంచీ రాదులేమ్మా" అన్నాడు మా నాయన.

నోట్లోంచి రాని మాట ఆ ఇంటి గేటుకు వచ్చింది. ఖాజా వచ్చి చెప్పాడు. గేటు మీద బోర్డు పెట్టించాడట, పెయింటరుతో రాయించి. "షుగరు ఉన్నవారు చెప్పులతో రావచ్చును." కింద ఇంకో వరుస, "మిగతావారు ఇక్కడ విడువవలెను." నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. నా భార్య మాత్రం నవ్వింది. పారాణి రోజు దాచుకున్న నవ్వంతా అప్పుడు నవ్వింది.

తర్వాత తెలిసిన కథ ఏమంటే, నెల తిరిగేసరికి ఎమ్మిగనూరులో చిన్నాయనను చూడవచ్చేవాళ్లందరికీ షుగరు వచ్చింది. పాలు పోసే అతను, పత్రికలు పంచే అతను, చివరికి పెండ్లి సంబంధం మాట్లాడ్డానికి వచ్చిన పాతికేళ్ల కుర్రవాడు కూడా. చిన్నాయన ఊరకుంటాడా? గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ఏ మాత్ర వాడతాండారు, తిండికి ముందా వెనకా అని అడగడం మొదలుపెట్టాడు. సరిగ్గా చెప్పినవాళ్లు చెప్పులతో లోపలికి, తడబడినవాళ్లు చెప్పులు అరల్లోకి. గ్రానైటు మీద ఆకుపచ్చ పట్టా కూడా పరిపించాడట. అదే పట్టా చెవులు కుట్టే రోజున పరిచి ఉంటే అని నేను అనలేదు. నా భార్య అంది.

మా నాయన కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, వానాకాలంలో ఒక మధ్యాహ్నం చిన్నాయన మా ఇంటికి వచ్చాడు. చెప్పి రాలేదు. మాది ఆదోనిలో సన్నటి సందులో ఇల్లు, మూడు గదులు ఒకదాని వెనక ఒకటి. మా నాయన మంచం చివరి గదిలో. తలుపులన్నీ తెరిచి ఉంటే వీధి గడప నుంచి మంచం దాకా కనిపిస్తుంది. ఆ రోజు పొద్దున్నుంచీ వాన. సందంతా బురద. చిన్నాయన గొడుగు మూసి, గడప దగ్గర నిలబడి చెప్పులు విడుస్తున్నాడు. నేను లేచి ఎదురుపోయాను. రమ్మని అనలేదు, వద్దని అనలేదు.

"సెప్పులు ఏసుకోని రారా" అన్నాడు మా నాయన మంచం మీది నుంచే.

చిన్నాయన నవ్వబోయాడు. "పర్వాలేదన్నా, ఇడ్సినా."

"ఏసుకోని రా అంటాండా."

గొంతు పెద్దది చేయలేదు. కానీ అది అన్న గొంతు. నేను పుట్టిన తర్వాత ఎప్పుడూ వినలేదు. చిన్నాయన నా వైపు చూశాడు, నా భార్య వైపు చూశాడు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన కాళ్ల వైపే చూస్తోంది. విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు. బురద పాదాల దాకా ఉంది. గడప మీద అడుగు ఆనించి, వెనక్కి తీసి, మళ్లీ ఆనించాడు. తర్వాత లోపలికి వచ్చాడు.

డెబ్భై ఏళ్ల మనిషి, మూడు గదులు, అడుగడుగునా ఒక బురద ముద్ర. అడుగు వేసినప్పుడల్లా వెనక్కి తిరిగి ఆ ముద్ర చూసుకున్నాడు. ముఖం ఎట్లా అయిందంటే, ఆ నేల నిజంగా కాలుతోందేమో అనిపించింది. నేను ఆపుదామని ఒకడుగు ముందుకు వేశాను.

"నడవనీ" అన్నాడు మా నాయన. "నేను నడవలే?"

మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు చిన్నాయన. కూర్చున్నంతసేపూ రెండు కాళ్లూ నేలకు ఆనకుండా కొంచెం పైకి ఎత్తిపట్టుకున్నాడు. తొడలు వణుకుతున్నాయి. వానల గురించి, చిన్నమ్మ మోకాళ్ల గురించి, మనవరాలు బడికి పోవడం గురించి మాట్లాడుకున్నారు. నా భార్య టీ ఇచ్చింది. ఆఖరికి కుర్చీలోంచి ముందుకు వంగి, మా నాయన కుడికాలిని దుప్పటి కింది నుంచి రెండు చేతులతో బయటికి తీశాడు. వేళ్లు లేనిచోట బొటనవేలితో తడిమాడు, అంగట్లో బట్ట నాణ్యం చూసినట్లు.

"మంచి డాక్టరేనా చూసింది" అన్నాడు.

"బాగానే చూసినాడులే."

"నొప్పుంటాదా?"

"నొప్పుంటే బాగుండేదిరా" అన్నాడు మా నాయన.

చిన్నాయన కాలు వదల్లేదు. తల కూడా ఎత్తలేదు. కొంతసేపటికి కాలు దుప్పటి కింద జాగ్రత్తగా పెట్టి, ముక్కు తుడుచుకుని, నా భార్య వైపు తిరిగాడు. "అమ్మా, తుడిచే గుడ్డ, నీళ్లు ఇయ్యి."

"వద్దు మామా, నేను తుడుచుకుంటాను."

"ఇయ్యమ్మా."

ఆమె మా నాయన వైపు చూసింది. ఆయన తల ఊపాడు. బక్కెట్టు తెచ్చి పెట్టింది. చిన్నాయన చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, పంచె పైకి చెక్కి, గొంతుక్కూర్చుని మంచం దగ్గర మొదలుపెట్టాడు. ఒక్కొక్క ముద్రా తుడుచుకుంటూ, వెనక్కి వెనక్కి జరుగుతూ, మూడు గదులూ దాటి వీధి గడప దాకా పోయాడు. మధ్యలో రెండుసార్లు నడుము పట్టుకుని ఆగాడు. ఎవరం సాయం పోలేదు. గడప బయట గుడ్డ పిండి ఆరేశాడు, చెప్పులు తొడుక్కున్నాడు, గొడుగు విప్పుకున్నాడు. "వస్తాన్నా" అని అక్కడి నుంచే అన్నాడు. "ఊ, మళ్లా రా" అన్నాడు మా నాయన.

ఆ మళ్లా రావడం జరగలేదు. ఆ తర్వాత ఆయన్ను నేను చూసింది ఐసు పెట్టెలోనే.

ఆ రోజు ఆయన సందు మలుపు తిరిగేదాకా నా భార్య గడప దగ్గరే నిలబడింది. తర్వాత లోపలికి తిరిగి నేల చూసింది. బురద ముద్రలు ఒక్కటీ లేవు. వాటి బదులు మంచం నుంచి గడప దాకా, మూడు గదుల నిండా, గోడ నుంచి గోడకు ఒకే బురద సమంగా పూసి ఉంది. ఆయన గుడ్డను ఒక్కసారి కూడా నీళ్లలో జాడించలేదు.

"ఆయనకు తుడవడం రాదు" అంది నా భార్య. చీర కుచ్చిళ్లు దోపుకుని, ఆరేసిన గుడ్డ తెచ్చి నీళ్లలో జాడించి, మంచం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టింది.